ఏనుగుల దారిలో క్యాంపర్ లాగుతున్నప్పుడు

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే హైవేలోనూ, పలమనేరు దగ్గర కుప్పం వైపు మళ్లే రోడ్డులోనూ ఈమధ్య కార్ల వెనుక క్యాంపర్లు, అంటే పడకా వంట వసతీ ఉండి కారు లాగే ట్రైలర్లు, అడపాదడపా కనిపిస్తున్నాయి. తిరుపతి నుంచి మా ఇంటిల్లిపాదీ సెలవులకు అలాగే బయలుదేరుతాము కనుక, కొత్తగా క్యాంపర్ కొనాలనుకునేవారు కొందరు నన్ను సలహా అడుగుతుంటారు. ఏ బండి అయితే బాగా లాగుతుంది, డీజిల్ ఎంత తాగుతుంది, రాత్రి ఎక్కడ ఆపుకోవచ్చు అన్న ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. దారిలో ఏనుగు ఎదురైతే ఏం చేయాలి అని మాత్రం అడిగినవారు చాలా అరుదు. మన ప్రాంతంలో క్యాంపర్ లాగేవారు ముందుగా ఆలోచించవలసిన విషయం అదేనని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

కారు ఒక్కటే నడిపేవాడికి ఎదురుగా జంతువు కనిపిస్తే మూడు మార్గాలుంటాయి. బ్రేకు వేయవచ్చు, పక్కకు తప్పించవచ్చు, ఆగిన తరువాత పరిస్థితి బాగా లేదనిపిస్తే వెనక్కి పోవచ్చు. వెనుక క్యాంపర్ తగిలించుకున్న మరుక్షణం ఈ మూడింటిలో రెండు మన చేతిలోంచి జారిపోతాయి, మూడవది బలహీనపడుతుంది. ట్రైలర్‌తో ఒక్కసారిగా పక్కకు కోస్తే బండి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. వెనక్కి పోవడం అనేది పగటి వెలుతురులో, ఒకరు దిగి చెయ్యి ఊపుతూ దారి చూపితే తప్ప కుదరని పని. బ్రేకు పడుతుంది గానీ బండి ఆలస్యంగా ఆగుతుంది. కాబట్టి జంతువు కనిపించిన తరువాత తీసుకునే నిర్ణయాల కంటే, ఏ వేళకు బయలుదేరాలి, ఎంత వేగంతో వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అని ముందుగా తీసుకునే నిర్ణయాలే మనల్నీ వాటినీ కాపాడతాయి.

మన ప్రాంతపు సంగతి ముందు చెప్పాలి. పలమనేరు, కుప్పం పరిసరాల అడవుల్లో ఏనుగులు చాలా కాలం పాటు లేవు. 1980వ దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులుగా వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. దాదాపు 357 చదరపు కిలోమీటర్ల ఆ అడవి పొడవుగా, సన్నగా, పల్లెలకూ పొలాలకూ ఆనుకుని ఉంటుంది. 2003లో రాయల ఏనుగుల రిజర్వును కూడా ప్రకటించారు. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటు కావడంతో గుంపులు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తిరుగుతూనే ఉంటాయి. అభయారణ్యానికి ఎల్లలు కాగితం మీద ఉన్నాయి గానీ, ఏనుగు తిరిగే దారి చెరువును బట్టి, చెరకు తోటను బట్టి, పనస చెట్టును బట్టి మారుతుంది. పలమనేరు దాకానే కాక బంగారుపాళెం వైపు, పులిచెర్ల వైపు, చంద్రగిరి మండలంలో కళ్యాణి డ్యాము పరిసరాల దాకా అవి దిగుతున్నాయి.

2023 జూన్‌లో పలమనేరు దగ్గర భూతలబండ వద్ద రాత్రివేళ హైవే దాటుతున్న మూడు ఏనుగులు లారీ ఢీకొని చనిపోయాయి. ఆ వార్త చదివిన తరువాత ఆ చోటు మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అక్కడ రోడ్డు వెడల్పుగా, నున్నగా, వేగంగా పొమ్మని పిలుస్తున్నట్టుగా ఉంటుంది. ప్రమాదం ఉన్నది సరిగ్గా అక్కడే. గుంతల రోడ్డు మీద ఎవరైనా నెమ్మదిగానే పోతారు. నాలుగు వరుసల రోడ్డు మీద, అడవి మధ్యలో ఉన్నామన్న సంగతే మరిచిపోతారు.

ఇప్పుడు బ్రేకు లెక్క చూద్దాం. మా బండి రెండు టన్నులు తూగుతుంది. సామాను, నీళ్లు, గ్యాసు అన్నీ సర్దుకున్నాక క్యాంపర్ దాదాపు 750 కిలోలు అవుతుంది. దానికి సొంత బ్రేకులు లేవు. ఐరోపా దేశాల్లో బ్రేకులు లేని ట్రైలర్‌కు అనుమతించే గరిష్ఠ బరువు కూడా 750 కిలోలే. బ్రేకులు లేని ట్రైలర్ అంటే, ఆ బరువును ఆపే భారం కూడా కారు బ్రేకుల మీదే, కారు టైర్ల మీదే పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే 33 మీటర్లు దాటిపోయి ఉంటాము. ఆ తరువాత పొడి రోడ్డు మీద కారు ఒక్కటే అయితే ఇంకో 35 మీటర్లలో ఆగుతుంది. క్యాంపర్ ఉంటే దాదాపు 48 మీటర్లు పడుతుంది. మొత్తం 80 మీటర్ల పైమాటే. 60 వేగంలో ఇదే లెక్క 52 మీటర్లకు, 40 వేగంలో 29 మీటర్లకు తగ్గుతుంది. వాన పడి రోడ్డు తడిసినా, టైర్లు అరిగినా ఈ దూరాలన్నీ పెరుగుతాయి.

ఈ లెక్కను హెడ్‌లైటు వెలుగు పక్కన పెట్టి చూడండి. ఎదురుగా బండ్లు వస్తున్నప్పుడు మనం డిమ్ములోనే నడపాలి. డిమ్ము వెలుగులో ముదురు రంగు వస్తువు యాభై మీటర్ల దగ్గర కూడా స్పష్టంగా ఆనదు. జింక కళ్లు లైటుకు మెరుస్తాయి కనుక కాస్త ముందుగా పట్టిస్తాయి. ఏనుగు కళ్లు మాత్రం డిమ్ము వెలుగు పడే ఎత్తుకు చాలా పైన ఉంటాయి. మట్టి పూసుకున్న ఒళ్లు వెలుగును తిరిగి పంపదు. మనకు కనిపించేది కాళ్లు మాత్రమే. నాలుగు కాళ్లను చూసి అది ఏనుగని మనసు పోల్చుకునేసరికి అరక్షణం గడిచిపోతుంది. అంటే 80 వేగంలో వెళుతున్నవాడికి ఆపడానికి కావలసిన దూరం 80 మీటర్లు, కనిపించే దూరం 50 మీటర్ల లోపే. ఎంత అనుభవమున్న డ్రైవరైనా ఆ తేడాను పూడ్చలేడు. అందుకే, తప్పనిసరై చీకటి వేళ అడవి దారిలో ఉండిపోతే, వెనుక లారీ ఎంత హారన్ కొట్టినా నలభై దాటకూడదు. వాళ్లు దాటి పోవాలనుకుంటే ఎడమకు జరిగి దారి ఇవ్వండి.

పక్కకు కోయడం గురించి మరికొంత వివరంగా చెప్పాలి. స్టీరింగు ఒక్కసారిగా తిప్పినప్పుడు కారు ముందు తిరుగుతుంది, ట్రైలర్ పాత దిక్కులోనే పోవాలని చూస్తుంది. ఆ లాగుడులో కారు వెనుక చక్రాలు పట్టు తప్పితే కారూ ట్రైలరూ హుక్కు దగ్గర మడతపడి రోడ్డుకు అడ్డం తిరుగుతాయి. బ్రేకు వేస్తూ తిప్పితే ఇది ఇంకా తేలికగా జరుగుతుంది. క్యాంపర్ ఎత్తుగా ఉంటుంది కనుక మడత పడకపోయినా పక్కకు ఒరిగిపోవచ్చు. ఇందులో సామాను సర్దే పద్ధతికి కూడా పాత్ర ఉంది. బరువైన వస్తువులు ట్రైలర్ ఇరుసుకు ముందు వైపు, కిందుగా ఉండాలి. హుక్కు మీద ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా పడాలి. నీళ్ల డబ్బాలు, బియ్యం మూటలు అన్నీ వెనుక తలుపు దగ్గర పేర్చేవారిని చూశాను. అలాంటి ట్రైలర్ చిన్న కుదుపుకే తోక ఆడించడం మొదలుపెడుతుంది. తోక ఊగుతున్నప్పుడు గాభరాపడి బ్రేకు మీద కాలు వేయకూడదు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును తిన్నగా గట్టిగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. ట్రైలర్‌కు విడిగా బ్రేకు మీట ఉన్నవారు దానిని మాత్రమే మెల్లగా వేస్తే ఇంకా మంచిది.

మా తమ్ముడు కెనడాలో ఉంటాడు, వాళ్లకూ క్యాంపర్ ఉంది. అక్కడ మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువు భయం. దాని కాళ్లు చాలా పొడవు. కారు తగిలితే కాళ్లు విరిగి, నాలుగైదు వందల కిలోల శరీరం బానెట్ మీదుగా వచ్చి అద్దం మీద పడుతుంది. అందువల్ల మామూలు జింక అడ్డం వస్తే తిన్నగా ఉండి బ్రేకు వేయమనీ, మూస్ అయితే బ్రేకు వేస్తూనే అది నడుస్తున్న దిక్కుకు వెనుక వైపుగా బండిని మళ్లించమనీ అక్కడ నేర్పుతారట. ఈ సలహాలో మొదటి సగం మనకూ పనికొస్తుంది. మామండూరు, కోడూరు దారిలో అడ్డం దూకే దుప్పి విషయంలోనైనా, భాకరాపేట ఘాటులో రోడ్డు దాటే అడవిపంది విషయంలోనైనా సరే, లేన్ వదలకుండా గట్టిగా బ్రేకు వేయడమే క్యాంపర్ లాగేవాడి ధర్మం. మనసు ఒప్పుకోకపోవచ్చు. కానీ పందిని తప్పించబోయి లోయలో పడితే ఇంటిల్లిపాదీ పోతారు. కణితి పెద్దది, రెండు వందల కిలోల పైనే ఉంటుంది, అయినా దానికీ ఇదే నియమం. రెండో సగం మాత్రం ఏనుగుకు వర్తించదు. ఎదిగిన మగ ఏనుగు నాలుగైదు టన్నులు తూగుతుంది. పైగా ఏనుగు ఒంటరిగా ఉందో, వెనుక గుంపు ఉందో ఆ క్షణంలో తెలియదు. దాని వెనుక వైపుకు మళ్లిస్తే పిల్ల ఏనుగు మీదికి పోయినట్టు కావచ్చు. ఏనుగు విషయంలో ఢీకొనకుండా ఉండటానికి మనకున్న సాధనాలు వేగమూ వేళా మాత్రమే.

వేళ గురించి చెప్పేటప్పుడు పలమనేరు దాటిన తరువాత రోడ్డు పక్కనున్న ఒక టీ కొట్టు గుర్తుకు వస్తుంది. పొద్దుగూకే వేళకు అక్కడ ఆగి టీ తాగుతుంటే, కొట్టు నడిపే అవ్వ మా క్యాంపర్‌ను చుట్టూ తిరిగి చూసి, ఎక్కడికి పోతున్నామని అడిగింది. కుప్పం అని మా ఆవిడ చెప్పగానే ఆమె గాజు గ్లాసులు కడగడం ఆపేసింది. "ఇప్పుడు పోబాకమ్మా, గుంపు సాయంత్రమే చెరువు కాడికి దిగింది. మా వోళ్లు టపాసులు కాల్చి తోలతా ఉండారు. తెల్లారినాక పోండి," అంది. "సరే అవ్వా," అని మా ఆవిడ నా వైపు చూసింది. మేము పలమనేరుకు తిరిగి వచ్చి అక్కడే ఉండిపోయాము. అవ్వ మాటలో నాకు బాగా పట్టుకున్నది టపాసుల సంగతి. మామూలుగా రోడ్డు దాటే గుంపు ఆగి, వాసన చూసి, నెమ్మదిగా దాటుతుంది. పొలాల్లోంచి టపాసులతో, కేకలతో తరిమినప్పుడు అదే గుంపు పరుగున వచ్చి రోడ్డు మీద పడుతుంది. గంటకు పాతిక కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల జంతువు అది. కాబట్టి దూరాన టపాసుల చప్పుడు, టార్చి లైట్లు, కుక్కల అరుపులు కలిసి వస్తుంటే, ఏనుగు మన కళ్లకు కనిపించకపోయినా ఆగిపోవలసిందే.

పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా ఏనుగులు ఎక్కువగా కదులుతాయి. పగలు అడవి నీడలో ఉండి, చల్లబడ్డాక నీటికీ మేతకూ దిగుతాయి. మామిడి, పనస పండే రోజుల్లోనూ, రాగి, వరి కంకి పట్టే రోజుల్లోనూ పొలాల మీదికి రావడం ఎక్కువ. చెరకు, అరటి ఉన్న చోట కాలంతో పని లేదు. చలికాలంలో పలమనేరు గట్టు మీద ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది, తెల్లవారింది కదా అని ఆ మంచులో బయలుదేరడం చీకట్లో వెళ్లడంతో సమానం. ఎండ బాగా పొడిచి, మంచు విడిపోయిన తరువాతే నేను హుక్కు తగిలిస్తాను. బెంగళూరు నుంచి వచ్చేవారు శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరి అర్ధరాత్రికి తిరుపతి చేరాలని చూస్తారు. క్యాంపర్‌తో ఆ పని వద్దు. ముళబాగిలులో పడుకుని, శనివారం ఉదయం టిఫిన్ చేసి కదిలితే మధ్యాహ్నం భోజనానికి తిరుపతిలో ఉండవచ్చు.

రోడ్డు మీద గుర్తులు కూడా చూడటం నేర్చుకోవాలి. తాజా లద్దె నల్లగా, తడిగా ఉండి ఆవిరి కూడా వస్తుంటుంది. ఆరిపోయినది ఎండు గడ్డి రంగుకు మారుతుంది. విరిగిన వెదురు, అప్పుడే చీల్చిన కొమ్మల తెల్లటి పచ్చి చెక్క, రోడ్డు అంచున కూలిన సోలార్ కంచె స్తంభం, ఇవన్నీ గుంపు ఆ దగ్గరలోనే ఉందని చెబుతాయి. అటవీ శాఖ ట్రాకర్లు బైకులు ఆపి నిలబడి ఉంటే, అద్దం దించి అడగండి. గుంపు ఎటు ఉందో వాళ్లకు తెలిసినంతగా ఏ ఫోను మ్యాపుకూ తెలియదు. ఎండలో వానలో రాత్రంతా ఏనుగుల వెంట తిరిగే ఆ మనుషుల మాటకు ఎదురు చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మొగిలి ఘాటు సంగతి వేరుగా చెప్పాలి. పలమనేరు నుంచి బంగారుపాళెం వైపు దిగేటప్పుడు క్యాంపర్ బరువు మొత్తం కారును వెనుక నుంచి తోస్తుంది. దిగువకు వచ్చేసరికి బ్రేకులు కాలి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. సరిగ్గా అప్పుడే మలుపు తిరగగానే జంతువు ఉంటే చేయగలిగేది ఏమీ ఉండదు. దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేరులోకి మార్చి, ఇంజిను పట్టుతోనే దిగాలి. బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచకుండా, కాసేపు వేసి, వదిలి, చల్లారనివ్వాలి. ఇలా దిగేవాడి బ్రేకు అత్యవసరంలో పనిచేస్తుంది.

ఇక గుంపు నిజంగా ఎదురైనప్పుడు. వి.కోట వైపు ఒక ఉదయం మేము వెళుతుండగా ముందున్న కల్వర్టు పక్క పొదల్లోంచి పెద్ద ఆడ ఏనుగు రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. మాకూ దానికీ మధ్య నూటయాభై మీటర్ల దూరం ఉంటుంది. తొండం పైకెత్తి మా వైపు తిప్పి వాసన చూసింది. దాని వెనుక ఇంకో రెండు వచ్చాయి, వాటి నడుమ గున్న. తారు రోడ్డు అంచు దగ్గర జానెడు గట్టు ఉంది. గున్న ముందు కాలు ఎత్తి, జారి, మళ్లీ ఎత్తింది. తల్లి వెనక్కి తిరిగి తొండంతో దాని పిరుదుల దగ్గర ఆనించి ఎక్కించింది. అంతా నెమ్మదిగా, తొందర లేకుండా జరిగింది. మేము ఇంజిను ఆపలేదు, హారన్ ముట్టుకోలేదు, హెడ్‌లైటు వేసి ఆర్పడం చేయలేదు. అన్నీ దాటేశాయని అనిపించాక కూడా అలాగే ఉన్నాము. చాలాసేపటి తరువాత ఒక కుర్ర మగ ఏనుగు అదే పొదలోంచి వచ్చి రోడ్డు దాటింది. గుంపు దాటిందనుకుని అప్పుడే కదిలిన బండి సరిగ్గా దానికి అడ్డంగా పోయేది.

ఆ నూటయాభై మీటర్ల దూరమే ఇక్కడ అసలు విషయం. కారులో వచ్చేవారు యాభై మీటర్ల దాకా వచ్చి ఫోటోలు తీసుకుని, ఏనుగు చెవులు విప్పి తల ఊపగానే రివర్సు గేరు వేసి వెళ్లిపోతారు. అది కూడా సరైన పని కాదు గానీ, వాళ్లకు ఆ అవకాశమైనా ఉంది. క్యాంపర్‌తో రివర్సు చేయాలంటే స్టీరింగును కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది. కంగారులో ఎవరికైనా చెయ్యి తప్పుతుంది, పది మీటర్లు పోకముందే ట్రైలర్ అడ్డం తిరిగి దారి మూసుకుపోతుంది. అందుకని క్యాంపర్ ఉన్నవారు కనీసం వంద మీటర్ల దూరంలో ఆగాలి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. వీలైతే వెడల్పుగా ఉన్న చోట, ముందున్న బండికి అతుక్కోకుండా, చుట్టూ తిరిగి వెళ్లడానికి వీలుండేలా ఆగాలి. నాలుగు ఇండికేటర్లు వెలిగించండి, వెనుక నుంచి వచ్చే లారీకి మీరు కనిపించడం ఏనుగు మీకు కనిపించడమంత అవసరం. క్యాంపర్ వెనుక భాగాన ఎరుపు రంగు మెరిసే స్టిక్కర్లు అంచుల పొడవునా అతికించి ఉండాలి. లైట్ల వైరు ప్లగ్గు ఊడిపోలేదని బయలుదేరే ముందు ఒకసారి, టీకి ఆగినప్పుడు ఇంకోసారి చూసుకోవాలి. ఎవరూ బండి దిగకూడదు. పిల్లలు క్యాంపర్‌లో కూర్చుని ప్రయాణం చేయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, వాళ్ల సీటు కారులోనే.

క్యాంపర్‌కు మరో ప్రత్యేకత ఉంది. అది చక్రాల మీద తిరిగే వంటిల్లు. ఏనుగు వాసన పట్టడంలో దిట్ట. బెల్లం, అరటిపండ్లు, పనస తొనలు, ఉప్పు, బియ్యం వాసనకు గోడలు పగలగొట్టి ఇళ్లలోకి వచ్చిన సందర్భాలు అడవి అంచు పల్లెల వారందరికీ తెలుసు. పలుచటి రేకు గోడ దానికి ఒక లెక్కలోది కాదు. కౌండిన్య అడవి పక్కన, కైగల్ జలపాతం దగ్గర, కళ్యాణి డ్యాము గట్టు మీద వెన్నెల బాగుందని రాత్రి మకాం వేయాలని కొందరు ఉబలాటపడతారు. పగలు చూసి, పొద్దు ఉండగానే ఊళ్లోకి రండి. పెట్రోలు బంకు ఆవరణలోనో, రాత్రంతా లారీలు ఆగే హోటలు పక్కనో, తెలిసినవారి ఇంటి ముందరో ఆపుకోవడం క్షేమం. వండిన తరువాత మిగిలినవి రోడ్డు పక్కన పారేయవద్దు. ఆ మెతుకులకు అడవిపందులు, కోతులు రోడ్డుకు అలవాటు పడతాయి. ఆ తరువాత వచ్చే బండి కింద పడేవి అవే. తిరుమల కొండ మీదికి కూడా నేను క్యాంపర్ తీసుకుపోను. శేషాచలం ఘాటు మలుపుల్లో దానికి చోటు లేదు, కింద తిరుపతిలో వదిలి బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవడం సుఖం.

మనం జాగ్రత్తగా ఉంటే సరిపోతుందని నేను అనుకోను, రోడ్డు కూడా మారాలి. కర్ణాటకలో బండీపూర్ మీదుగా పోయే జాతీయ రహదారిని 2009 నుంచి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా మూసి ఉంచుతున్నారు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ పులుల అడవి గుండా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని విస్తరించినప్పుడు రోడ్డును స్తంభాల మీద ఎత్తి, కింద జంతువులు నడిచేలా దారులు వదిలారు. పులులతో సహా అనేక జంతువులు వాటి కిందుగా తిరుగుతున్నట్టు కెమెరాలలో నమోదైంది. చెన్నై, బెంగళూరుల మధ్య నడిచే సరుకు రవాణాను రాత్రిపూట పూర్తిగా ఆపడం సాధ్యం కాకపోవచ్చు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ గుంపులు దాటే చోట్లు ట్రాకర్లకు తెలిసినవే కదా. కనీసం ఆ చోట్ల రాత్రి వేగాన్ని కట్టడి చేసి, వేగాన్ని పట్టే కెమెరాలు పెట్టి, రోడ్డుకు రెండు వైపులా పొదలు కొట్టించి చూపు ఆనేలా చేయవచ్చు. పొలాల నుంచి ఏనుగులను మళ్లించడానికి 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ పొందిన ఏనుగులను తెచ్చి, పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. రైతులకు అది పెద్ద ఊరట. అయితే కుంకీ మళ్లించిన గుంపు కూడా ఎక్కడో ఒక చోట రోడ్డు దాటవలసిందే, ఆ చోటును సిద్ధం చేయడం కూడా ఆ పనిలో భాగం కావాలి. నాలాంటి వారి కోసం ఇంకో చిన్న కోరిక కూడా ఉంది. అడవి మొదలయ్యే ముందు, ట్రైలర్ ఉన్న బండి కూడా తిరిగి వెనక్కి మళ్లగలిగేంత వెడల్పైన ఖాళీ జాగా, వెలుతురుతో, రెండు వైపులా ఉండాలి. ముందుకు పోవద్దని ట్రాకర్ చెప్పినప్పుడు, మళ్లడానికి చోటు లేకనే చాలామంది భారీ బండ్లవారు ముందుకు పోతారు.

ఇన్ని చేసినా తగిలే సందర్భం ఉండవచ్చు. జంతువును ఢీకొంటే, బండి కదిలే స్థితిలో ఉంటే మెల్లగా ముందుకు పోయి దూరంగా ఆపండి. కదలకపోతే లోపలే ఉండి, ఇండికేటర్లు వేసి, 112కు ఫోను చేయండి. హైవే అయితే 1033కు కూడా చెప్పవచ్చు. గాయపడిన జంతువు దగ్గరికి, అది కదలకుండా పడి ఉన్నా సరే, పోకూడదు. పిల్ల ఏనుగు పడిపోతే గుంపు దానిని వదిలి పోదు, చుట్టూ నిలబడుతుంది. అప్పుడు బండి దిగినవారి ప్రాణానికి భరోసా లేదు. ఏనుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత కఠినమైన రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది, అందువల్ల భయపడి చెప్పకుండా వెళ్లిపోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అలా వెళ్లిపోతే చికిత్సతో బతికే జంతువు కూడా చనిపోతుంది, చీకట్లో పడి ఉన్న దానిని మరో బండి వచ్చి ఢీకొంటుంది. అటవీ సిబ్బంది వచ్చేదాకా వేచి ఉండి, ఎక్కడ, ఏ వేళకు, ఎంత వేగంలో జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. హుక్కు, సేఫ్టీ గొలుసు, చట్రం ఆ దెబ్బకు వంగి ఉండవచ్చు. పైకి బాగానే కనిపించినా క్యాంపర్‌ను అక్కడి నుంచి సొంతంగా లాగకుండా, మెకానిక్ చూసిన తరువాతే కదపాలి.